పటిక నీళ్లతో పిన్ని వేసే బొమ్మలు

...అందుకే అమ్మ నా రంగులన్నీ అటక మీద పెట్టేసింది. నిన్న అక్కడిదాకా రాశాను. అమ్మ చెల్లెలికి, అంటే మా పిన్నికి, స్కిజోఫ్రీనియా. పదహారేళ్లప్పుడు రోజంతా బొమ్మలేసేదట, ఆ తర్వాతే జబ్బు బయటపడిందట. నాకిప్పుడు పదహారు. నాకూ వస్తుందేమోనన్న భయం ఇంట్లో చెప్పుకోలేక, ట్యూషనని చెప్పి పెడనలో ఉండే పిన్ని దగ్గరికే బయల్దేరాను.

గుడివాడలో పొద్దున్నే మచిలీపట్నం పాసింజర్ ఎక్కితే, గుడ్లవల్లేరు మీదుగా గంటలోపే పెడన. స్టేషన్ బయట ఆటోలుంటాయి. కలంకారీ షెడ్డు అనగానే ఆటో ఆయన, "బొమ్మల నాగమణి గారి దగ్గరికా?" అన్నాడు. మా ఇంట్లో ఎవరూ ఎత్తని పిన్ని పేరే ఇక్కడ అడ్రస్.

షెడ్డులో అందరూ చెక్క అచ్చులు అద్దుతున్నారు. పిన్ని మాత్రం ఓ మూల కూర్చుని, వెదురు కలం పటిక నీళ్లలో ముంచి గీస్తోంది. గుడ్డ మీద ఏమీ కనపడటం లేదు. లేనిదేదో చూస్తోందనుకున్నాను. పక్కనున్నావిడ నా మొహం చూసి నవ్వి, గుడ్డని రంగు కాగులో ఉడికిస్తే పటిక తగిలినచోటే ఎరుపు పడుతుందని చెప్పింది. గీత తెలియడానికి అందరూ పటికలో కాస్త రంగు కలుపుకుంటారట. పిన్ని తన దాంట్లో కలపనివ్వదట.

"కనపడితే సలహాలు చెప్తారే," అంది పిన్ని తలెత్తకుండా.

మధ్యాహ్నం, పిన్ని మొన్న గీసిన గుడ్డని కాగులోంచి తీశారు. దాన్నిండా ఎర్రటి నోళ్లు. ఒకటి ఆవలిస్తోంది, ఒకటి పళ్లు కొరుకుతోంది. అవి తనకు వినపడే గొంతులట. "ఈయన మరీ వాగుడుకాయ," అని ఒకదాన్ని చూపించింది. నవ్వాలో వద్దో నాకు తెలియలేదు. తనే నవ్వింది.

అప్పుడు అడిగేశాను. "బొమ్మలేస్తేనే వచ్చిందా పిన్నీ?"

"జబ్బు ముదిరినప్పుడు ఒక్క గీత గీయలేకపోయానే. మందులు కుదిరాకే మళ్లీ చెయ్యి తిరిగింది. మీ అమ్మ నేను బొమ్మలేయడం చూసింది గానీ, అవి ఆగిపోవడం చూడలేదు."

"మరి నాకు వస్తుందా?"

"ఏమో, నాకేం తెలుసు? ఎప్పుడైనా తేడాగా అనిపిస్తే దాచుకోకుండా డాక్టరుకి చెప్పు. నేను దాచుకున్నాను."

తిరుగు రైల్లో రఫ్ నోట్సులో పిన్ని చేతులు గీశాను. భయం పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను. కానీ ఆ భయంతో బొమ్మలు మానేయక్కర్లేదని మాత్రం ఇప్పుడు గట్టిగా తెలుసు. వెళ్లేవాళ్లకి ఒక్క మాట: గుడ్డలు ఉడికించే రోజేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. లేదంటే నాలాగే ఉత్త గుడ్డ చూసి...

అమ్మ తలుపు కొడుతోంది. ఈ కాగితాలు పరుపు కిందకి. పిన్ని చేతుల బొమ్మ మాత్రం బల్ల మీదే ఉంటుంది.