తెల్ల కార్డుకి తగ్గ ఇల్లు

మా ఇంట్లో తెల్ల కార్డు ఉండేది. ఆరెకరాల మాగాణి, మండపేటలో ఒక రైసు మిల్లులో అన్నయ్య వాటా, వాకిట్లో మోటారు సైకిలు, వంటింట్లో ఫ్రిజ్. వీటన్నిటితో పాటు బీదవాళ్ళకని గవర్నమెంటు ఇచ్చే ఆ కార్డు కూడా. ఊళ్ళో మాలాంటి ఇళ్ళన్నిటిలోనూ ఉండేది కాబట్టి అది తప్పని ఎవరికీ తోచేది కాదు. పైగా అది లేనివాళ్ళని చేతకానివాళ్ళ కింద జమకట్టేవారు. కోటా బియ్యం మేం అన్నానికి వండుకునేవాళ్ళం కాదు. దోసెలకి వాటిని మించినవి లేవని అమ్మ కొన్ని ఉంచుకునేది. మిగిలినవి పాలేరుకి ఇచ్చేది, పురుగు పడితే గేదెల కుడితిలో కలిపేది.

అన్నయ్యకి ఈ విషయంలో గట్టి అభిప్రాయాలుండేవి. "మనం కష్టపడి పైకొచ్చాం. మనకి గవర్నమెంటు ఏం ఒరగబెట్టిందంట? ఈ కార్డు ముక్కొక్కటేగా," అనేవాడు. అదే భోజనం దగ్గర, అదే నోటితో, "కోటా బియ్యం ఊరికే పోస్తుంటే ఇంక ఊడ్పులకెవరొస్తారే? కాలనీలో వాళ్ళంతా అరుగుల మీద కూచుని తింటన్నారు," అనేవాడు. ఆ రెండు మాటలూ ఒకదాన్నొకటి చూసుకున్నట్టు నాకెప్పుడూ అనిపించలేదు. విని ఊరుకోవడమే కాదు, చాలామటుకు ఒప్పుకునేదాన్ని. నేనూ కష్టపడి పైకొచ్చినదాన్నేగా మరి. డీఎస్సీ రాసి, ర్యాంకు తెచ్చుకుని, మా ఊరి హైస్కూల్లోనే తెలుగు టీచరుగా చేరాను. బీఎడ్‌లో నాకు ఫీజు లేకుండా చేసింది ఆదాయ సర్టిఫికెట్టు. ఆ సర్టిఫికెట్టు ఇప్పించింది ఈ కార్డు. అది మాత్రం నాకు గుర్తుండేది కాదు.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, బోగస్ కార్డులు ఏరెయ్యమని ఆర్డరు వచ్చింది. ఇంటింటికీ తిరిగి ఫారాలు నింపే పని ఎప్పట్లాగే టీచర్ల నెత్తిన పడింది. ఎవరి వీధి వాళ్ళు చెయ్యకూడదన్నారు. అందుకని మా వీధి లెక్కల మాస్టారికి, ఊరి చివర కూలీల కాలనీ నాకు పడ్డాయి.

లెక్కల మాస్టారు వచ్చేరోజు మా ఇంట్లో జరిగిన హడావుడి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, ఆ నవ్వుతో పాటే సిగ్గూ వస్తుంది. అన్నయ్య మోటారు సైకిల్ని ముందురోజే మిల్లుకి తోలేశాడు. టీవీ మంచం కిందికి పోయింది. అమ్మ ఫ్రిజ్ మీద పాత దుప్పటి కప్పి, దాని మీద పప్పుల డబ్బాలు పేర్చింది. "నువ్వా బంగారు గాజులు తీసేయవే," అంది నాతో. తీసేశాను. మాస్టారు అరుగు మీద కూర్చుని, అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, "మజ్జిగ భలే చల్లగా ఉందండి అమ్మగారూ," అని మెచ్చుకుని, నా ఉద్యోగం మాటెత్తకుండా, ఫ్రిజ్ లేదని రాసుకుని వెళ్ళిపోయారు.

కాలనీలో మాత్రం నిక్కచ్చిగా చెయ్యాలని నేను నిర్ణయించుకున్నాను. మా ఇంట్లో చేసింది ఎక్కడో ఒకచోట సరిచెయ్యాలన్న కసి కూడా అందులో ఉందేమో. శుక్రవారం తొమ్మిదో తరగతిలో, "రేపు నేను మీ కాలనీకి వస్తున్నాను," అని చెప్పాను. ఎందుకో చెప్పలేదు. ముందుగా చెప్పొద్దని మాకు పైనుంచి మాట. ఆ కాలనీ నుంచి వచ్చే పిల్లల్లో ఒకమ్మాయి తెలుగు బాగా రాసేది. ఆ పిల్ల మొహం ఎంత వెలిగిపోయిందో నేను చూశాను గానీ, దాని అర్థం పట్టించుకోలేదు.

మర్నాడు నాలుగైదు ఇళ్ళు ముగించుకుని వాళ్ళింటికి వెళ్ళాను. గవర్నమెంటు కట్టించిన శ్లాబు ఇల్లు, ఒకటే గది. నేల కడిగి ఇంకా తడి ఆరలేదు. గుమ్మంలో ముగ్గు. లోపల రెండు ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు, గుడ్డ పరిచిన చిన్న బల్ల, దాని మీద గిరగిరా తిరుగుతున్న టేబుల్ ఫ్యాను. వాళ్ళమ్మ జరీ అంచు చీర కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని ఎదురొచ్చింది. మిల్లులో బస్తాలు మోసే వాళ్ళ నాన్న ఆ పూట పని మానుకుని, తువ్వాలు భుజాన వేసుకుని తలుపు పక్కన నిలబడ్డాడు. "కూచోండి టీచరుగారూ. మీరు మా ఇంటికి రావటం మా అదృష్టం అండి," అందావిడ. పిల్ల గాజు గ్లాసులో కూల్‌డ్రింకు తెచ్చి, రెండు చేతులతో ఇచ్చింది.

నేను తాగాను. తాగి, గ్లాసు కింద పెట్టి, ఫారం తీశాను.

"ఈ కుర్చీలు మీవేనా?"

ఆవిడ ఒక్క క్షణం కూతురి వైపు చూసింది. "మావేనండి."

"ఫ్యాను?"

"ఆయ్, మాదేనండి."

శ్లాబు ఇల్లు, ఫర్నిచరు, ఫ్యాను, మగమనిషికి మిల్లులో పని. వరసగా టిక్కులు పెట్టుకుంటూ పోయాను. అన్నయ్య చెప్పింది నిజమేననుకున్నాను. ఫ్యాను కింద కూర్చుని కూల్‌డ్రింకులు తాగుతూ కోటా బియ్యం తింటున్నారు అనుకున్నాను. తాగింది నేను. ఆ సంగతి తట్టలేదు. కింద "అర్హత లేదు" అని నా గుండ్రటి అక్షరాలతో రాసి సంతకం పెట్టాను. వాళ్ళు ముగ్గురూ నన్ను వీధి చివరిదాకా సాగనంపారు.

రెండు నెలలకి లిస్టు వచ్చింది. ఆ ఇంటి కార్డు పోయింది. మాది ఉంది. నేను లిస్టు చూడలేదు. హాజరు పట్టీ వల్ల తెలిసింది. ఆ పిల్ల పేరు ఎదురుగా వరసగా ఆబ్సెంటు పడుతోంది. పక్క పిల్లని అడిగితే, "ఊడ్పులకెళ్తందండి. వాళ్ళ కార్డు తీసేశారంట కదండీ. వాళ్ళ నాన్న కూలి బియ్యం కొనడానికే చాలట్లేదంటండి," అంది. నన్ను నిలదీసినట్టు అనలేదు, మామూలుగానే అంది.

ఆ సాయంత్రం స్కూలు వదిలాక చేల వైపు వెళ్ళాను. ఆకుమడి గట్టు మీద కాళ్ళు కడుక్కుంటూ ఆ తల్లి కనిపించింది. పిల్ల ఇంకా మళ్ళోనే ఉంది, నన్ను చూసి అటు తిరిగింది.

"కార్డు తీసేశారంట?" అన్నాను. తీసేసింది నేనేనని ఆవిడకి తెలుసో లేదో తెలియక, అలా మొదలుపెట్టాను.

"ఆయ్. ఫ్యానుందని, కుర్చీలున్నాయని మీరు రాశారంటండి. డీలరు గారు చెప్పారు," అంది. గొంతులో నిష్ఠూరం లేదు. "కుర్చీలు చర్చీవండి. ఫ్యాను పాస్టరు గారింట్లోది. చీర నేను పన్జేసే ఇంట్లో అమ్మగారు ఆ పూటకిచ్చారు."

"మరి నేనడిగితే మీవేనని ఎందుకు చెప్పావు?" నాకు కోపమే వచ్చింది. తప్పు ఆవిడదైతే బాగుండునని నా ఆశ.

"పిల్ల పక్కనే ఉందండి. దాని టీచరు మీరు. మా టీచరొస్తన్నారే అమ్మా అని రాత్రంతా నిద్దరోలేదు. మిమ్మల్ని దేని మీద కూచోబెట్టాలని అదే ఏడుపు. ఇయ్యన్నీ అరువు తెచ్చానని దాని ముందు మీకెలా చెప్పమంటారండి?"

మర్నాడు మా గాదెలోంచి బస్తాడు సన్నబియ్యం పాలేరు చేత పంపించాను. సాయంత్రానికి బస్తా మూతి కుట్టు విప్పకుండానే తిరిగొచ్చింది. ఆ వెనకాలే ఆవిడ కూడా మా దొడ్డి గుమ్మం దాకా వచ్చి నిలబడింది. "ఏమనుకోకండి. కోటా బియ్యం అందరితో పాటు లైన్లో నిలబడి తెచ్చుకుంటామండి. ఎవరికీ బాకీ ఉండం. ఇయ్యి తీసుకుంటే, రేపు మీ అమ్మగారు ఏ పని చెప్పినా కాదనలేనండి," అంది. లోపల్నుంచి అమ్మ విని, "పొగరు చూశావా," అంది. అది పొగరు కాదని నాకు అప్పటికి తెలిసింది. మాకు ఊరికే వస్తే హక్కు, వాళ్ళకి ఊరికే వస్తే బద్ధకం అని ఇన్నాళ్ళూ అనుకున్న ఇంట్లో, ఊరికే వచ్చినదాన్ని వద్దన్న మనిషిని నేను చూడటం అదే మొదలు.

ఎమ్మార్వో ఆఫీసుకి వెళ్ళాను. అక్కడి గుమాస్తా నెమ్మదిగా చెప్పాడు. "రెండు దార్లున్నాయి టీచరుగారూ. ఒకటి, నేను పొరపాటున రాశానని మీరు ఓ కాయితం రాసివ్వండి. అయితే అప్పుడు మీ ఊరి సర్వే మొత్తం మళ్ళీ చూస్తారండి. రెండోది, వాళ్ళ చేత కొత్తగా అర్జీ పెట్టించండి. ఇంకొకాయన వచ్చి ఇల్లు చూసెళ్తాడు."

మొదటిదే న్యాయం. ఆ సంగతి ఆయన చెప్పకముందే నాకు తెలుసు. ఇంటికొచ్చి, కాయితం రాస్తానన్నాను. అన్నయ్య కంచం ముందునుంచి లేవలేదు, గొంతు కూడా పెంచలేదు. "మళ్ళీ చూస్తే ముందు మనిల్లే చూస్తారు. మొత్తం వీధి మన మీద పడుద్ది."

"పోతే పోనీ. మనకెందుకా కార్డు?"

"నీ బీఎడ్ ఫీజు ఏ కార్డు మీద మాఫీ అయిందో మర్చిపోయావా? తవ్వితే అంతదాకా తవ్వుతారే. ర్యాంకు నీదేలే, కాదనను. ఆ చదువుకి ముందు పెట్టిన కాయితం మాత్రం దొంగది."

అమ్మ మారు వడ్డించబోయింది. నేను వద్దని లేచిపోయాను. ఆ పూట అన్నం మానేశాను. అంతకు మించిన ధైర్యం చెయ్యలేకపోయాను. నా ఉద్యోగం, నా ర్యాంకు, నేను నా కష్టమని చెప్పుకుని తిరిగే బతుకంతా ఒక్క కాయితంతో పోతుందనిపించింది. భయపడ్డాను. ఇప్పుడు దానికి వేరే పేరేదీ పెట్టదల్చుకోలేదు.

రెండో దారే పట్టాను. అర్జీ నేనే రాశాను, ఆవిడ వేలిముద్ర వేసింది. ఫలానా రోజు ఇల్లు చూడటానికి వస్తారని కబురు తెలిశాక, ముందురోజు స్కూలు నుంచి నేరుగా వాళ్ళింటికి వెళ్ళాను. కుర్చీలు లేవు. చాప వేసింది. కూర్చున్నాను.

"ఈసారి ఎలా ఉండమంటారండి?" అని అడిగిందావిడ.

చెప్పాను. పాఠం చెప్పినట్టే చెప్పాను. ముగ్గు పెట్టకు. నేల కడగకు. బాగా పాతదేదైనా చీర కట్టుకో. వాళ్ళాయన్ని షర్టు వేసుకోవద్దన్నాను. ఆ గోడ గడియారం తీసి పక్కింట్లో ఇవ్వమన్నాను. కాఫీలూ కూల్‌డ్రింకులూ పెట్టొద్దన్నాను.

"ఇంటికొచ్చినాయన్ని మంచినీళ్ళు కూడా అడగొద్దాండి?"

"మంచినీళ్ళు పర్లేదు."

"ఆయ్," అంటూ ఒక్కొక్కటీ వేళ్ళు మడిచి గుర్తుపెట్టుకుంది. దుప్పటి కప్పిన ఫ్రిజ్ ఎదురుగా గాజులు తీసేసి నిలబడ్డ ఇంట్లోంచి వచ్చినదాన్ని నేను. ఉన్నది దాచడం మాకు చేతనైన విద్య. ఏమీ లేని మనిషికి ఆ విద్య నేర్పుతున్నాను. వాళ్ళాయన నాకేసి చూడకుండా, గోడ మీంచి గడియారం దింపాడు.

అప్పటిదాకా మూల నిలబడి వింటున్న పిల్ల, గూట్లోంచి ఏదో తీసి నా ముందుకి తెచ్చింది. స్కూలు వార్షికోత్సవంలో వ్యాసరచనకి వచ్చిన షీల్డు. చెక్కకి రేకు తాపడం చేసినది. నేనే దాని చేతికిచ్చాను, స్టేజీ మీద.

"టీచరుగారూ, ఇదీ తీసెయ్యమంటారాండి?"

నేను నింపిన ఫారంలో షీల్డులకి గడి లేదు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. ఉండనీ తల్లీ, అది నీ కష్టం అని ఒక్క మాట అంటే చాలు. కానీ ఎవరో కొత్తాయన వస్తాడు, గూట్లో మెరిసేది చూసి ఏమనుకుంటాడో, మళ్ళీ కార్డు రాకపోతే నేను ఆ కాయితం రాయక తప్పదేమోనని భయపడ్డాను.

"ఎందుకైనా మంచిది, తీసెయ్యమ్మా," అన్నాను.

పిల్ల దాన్ని పాత లంగాలో చుట్టి, ట్రంకు పెట్టెలో అన్నిటికన్నా అడుక్కి తోసింది.

కార్డు వచ్చింది. ఆ ఇల్లు చూసిన ఆయన పది నిమిషాలు కూడా ఉండలేదట. పిల్ల మళ్ళీ స్కూలుకి వచ్చింది. పదో తరగతిలో కూడా ఎప్పటిలాగే బాగా రాసేది, అడిగితే లేచి నిలబడి సరైన జవాబు చెప్పేది. డిసెంబరులో వ్యాసరచన పోటీకి పేర్లివ్వమని క్లాసులో చెప్పాను. ఏడెనిమిది చేతులు లేచాయి. ఆ పిల్ల చెయ్యి లేవలేదు. పేరెందుకివ్వలేదని నేను అడగలేదు.