ఇప్పచెట్టుతో సహా అమ్మేసిన దస్తావేజు

1984లో నేను కిరండూల్ రైల్వే లైను పక్కనున్న ఒక తహసీలు కచేరీ ముందు, రేకుల పందిరి కింద బల్ల వేసుకుని అర్జీలు, దస్తావేజులు రాసేవాణ్ని. మా సొంతూరు విజయనగరం దగ్గర. మా నాన్న అక్కడ దస్తావేజు లేఖరి. ఆయన దగ్గర నేర్చుకున్న విద్యను హిందీలోకి మార్చుకుని బస్తర్‌లో బతికాను. బైలడీలా కొండల నుంచి ఇనుపరాయి మోసుకుని గూడ్సు బండ్లు పోతుంటే మా బల్లలు, కాగితాలు, తాగే టీ కూడా ఎర్రగా అయ్యేవి. అప్పుడు విసుక్కునేవాణ్ని. ఇప్పుడు ఆ ఎర్రదుమ్ము తలచుకుంటే ప్రాణం అటే లాగుతుంది.

అప్పలస్వామి ఆ లైనులో గ్యాంగ్‌మన్, అంటే పట్టాలు సరిచూసే మనిషి. పార్వతీపురం వైపువాడు. ఏప్రిల్ ఆఖరుకి రిటైరు, ఆ రోజే క్వార్టరు ఖాళీ చెయ్యాలి. సొంతూళ్లో సెంటు భూమి లేదు. జనవరిలో ఓ పొద్దున వచ్చి నా బల్ల ముందు కూలబడ్డాడు.

"బాబూ, పదిహేడేళ్లు ఈ పట్టాలకాడే తిరిగినాను. ఇంక ఏ ఊరెల్తాను? అరెకరం పొలం సూసినాను. ఇల్లు కట్టుకోనిత్తారా?"

అక్కడ ఆదివాసీల భూమి బయటివాళ్లు కొనకూడదు. అమ్మే రైతు ఆదివాసీ కాదు కాబట్టి ఆ చిక్కు లేదు. కానీ పొలంలో ఇల్లు కట్టాలంటే డైవర్షన్ కావాలి. సాగుభూమిని నివాసభూమిగా మార్చే ఆర్డరు అది. మన కరణం లాంటి పట్వారీ దగ్గర ఖస్రా, అంటే సర్వే నంబరు వివరాల కాగితం తెచ్చి జతచెయ్యాలి. కచేరీ గోడకు నోటీసు అంటిస్తారు. గడువులోగా ఎవరూ ఆబ్జెక్షన్ పెట్టకపోతే ఆర్డరు ఇస్తారు.

ముందు అమ్మకం దస్తావేజు రాశాను. నా రాతంటే నాకు కాస్త గర్వం ఎక్కువే. మా నాన్న నేర్పిన "నిధి నిక్షేప జల తరు పాషాణములతో సహా" అన్న ముక్క హిందీలోనైనా పెట్టకపోతే నాకు ముద్ద దిగేది కాదు. నీళ్లు, చెట్లు, రాళ్లు సమస్తం కొన్నవాడివే అని దాని భావం. పొలం మాత్రం చూడలేదు. కూర్చున్నచోటే కూర్చుని ఖస్రా చూసి రాసిపారేశాను. రిజిస్ట్రేషన్ అయ్యాక డైవర్షన్ అర్జీ కూడా పెట్టించాను.

మార్చిలో, నోటీసు గడువు మర్నాటితో ముగుస్తుందనగా, ఒక ముసలమ్మ వచ్చి నా బల్ల ముందు నేలమీద కూర్చుంది. పేరు హిడ్మే. నాకు అక్కడివాళ్లు మాట్లాడే హల్బీ భాష వచ్చు కాబట్టి ఆమె చెప్పేది అర్థమైంది.

"అర్జీ రాయి. పొలం రైల్వే ఆయనది. అందులో ఇప్పచెట్టు నాది. మా అత్త నాకిచ్చి పోయింది. పువ్వు రాలకముందు కింద ఆకులు ఊడుద్దామని పోతే ఆయన భార్య కర్ర పట్టుకుని వచ్చింది. చెట్టుకు సున్నం గీత గీశారు. నరుకుతారట."

అక్కడ పొలం ఒకరిది, అందులో ఇప్పచెట్టు మరొకరిది కావడం వాడుక. పొలం చేతులు మారినా చెట్టు మారదు. నేను తాతలనాటి పాఠం దంచి ఆమె చెట్టును అమ్మేశాను. అమ్మిన రైతును తర్వాత అడిగితే, "ఊరందరికీ తెలిసిందే కదా, చెప్పేదేముంది?" అన్నాడు.

"ఆయన ఇల్లు కట్టుకోనీ," అంది హిడ్మే. "చెట్టు వద్దని రాయి. ఇప్పుడు పువ్వు ఏరి అమ్ముకోకపోతే వానల్లో మాకు తిండిగింజలెక్కడివి?"

నిజం చెప్పాలి. ఎల్లుండి రమ్మందామని నోటిదాకా వచ్చింది. గడువు దాటిపోయేది, అప్పలస్వామి గట్టెక్కేవాడు, నా తప్పు ఎవరికీ తెలిసేది కాదు. ఆమె నా కలం వంక చూస్తూ కూర్చుంది. నాకు సిగ్గేసింది. ఆబ్జెక్షన్ నా చేత్తోనే రాసి, వేలిముద్ర వేయించి, లోపల ఇప్పించాను.

సాయంత్రం క్వార్టరుకు వెళ్లి అప్పలస్వామికి చెప్పాను.

"నా దస్తావేజు రాసిన సేత్తోనే నామీద అర్జీ కూడా రాసినారా బాబూ?"

"తప్పు నాది అప్పలస్వామీ. సరిచేసేదీ నేనే."

మర్నాడు పొలం మొదటిసారి చూశాను. చెట్టు నిండా మొగ్గ. సరిగ్గా ఆగ్నేయంలో, వంటిల్లు రావలసిన చోట ఉంది. అప్పలస్వామి భార్య పైడమ్మ ససేమిరా అంది.

"ఆగ్నేయంలో పొయ్యి నేకపోతే ఆ ఇల్లు కలిసొత్తాదా?"

అప్పలస్వామి ఆ నీడలోనే చతికిలబడ్డాడు. "క్వార్టరు ఒగ్గీమంటేనే నీకు నిద్దర నేదు కదే. ఆ ముసిల్దాన్ని సెట్టు ఒగ్గీమంటే దానికెలాగుంటాది?"

పైడమ్మ మొహం తిప్పుకునే ఒప్పుకుంది. ఇంటిని చెట్టుకు పడమటగా జరిపి ప్లాను మార్చాం. వంటిల్లు చిన్నదైంది. రైతును బతిమాలి తీసుకొచ్చి, చెట్టు హిడ్మేదని సవరణ దస్తావేజు రాశాను. హిడ్మే దాన్ని రెండుసార్లు చదివించుకుని, అప్పుడు ఆబ్జెక్షన్ వెనక్కి తీసుకుంది.

ఆర్డరు ఏప్రిల్ ఆఖరి వారంలో గానీ రాలేదు. క్వార్టరు తాళాలు ఇచ్చేసేసరికి ఇంటికి పునాది కూడా లేదు. గోడలు లేచి, కప్పు పడేదాకా ఆ దంపతులు టార్పాలిన్ కట్టుకుని కాపురమున్నది ఆ ఇప్పచెట్టు కిందే. ఆ నీడ హిడ్మేది. ఆమె ఒక్కమాట అనలేదు.

ఆ తర్వాత పొలం కళ్లతో చూసి, ఏ చెట్టు ఎవరిదో ఊళ్లో అడగకుండా నేను దస్తావేజు రాయలేదు. కాగితంలో లేనిది కూడా ఊళ్లో ఉంటుందని నాకు నేర్పింది ఆ ముసలమ్మే.

చాలా ఏళ్లకు, నేను బల్ల ఎత్తేసి విజయనగరం వచ్చేసే ముందు, ఆ దంపతులకు చెప్పిపోదామని వెళ్లాను. అప్పలస్వామి లేడు. హిడ్మే కూడా పోయిందట. పైడమ్మ నడుం వంచి చెట్టు కింద పువ్వు ఏరి తట్టలో పోస్తోంది.

"అమ్మా, చెట్టు మీకొచ్చిందా?" అన్నాను.

నన్ను గుర్తుపట్టి నవ్వింది. "నాకెందుకొత్తాది బాబూ? హిడ్మే కోడలికి ఒంట్లో బాగునేదు, ఇయ్యాల రానేదు. మేకలు తినేత్తాయని ఏరి ఉంచుతున్నాను."