మంచి తెలుగును నమ్మి ఎండబెట్టిన తోట

ఈ మధ్య మా తమ్ముడికి ఫోన్ చేద్దామని మీట నొక్కితే చాలు, అవతల గంట మోగకముందే ఒక గొంతు అడ్డుపడి, అపరిచితులకు మీ వివరాలు చెప్పకండి, అప్రమత్తంగా ఉండండి అని నాకు పాఠం మొదలుపెట్టేది. ముప్పై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని, వాన పడిందా, పత్తి ఏరడం అయిందా అని రెండు ముక్కలు అడగడానికి ప్రతిసారీ ఇదంతా వినాలంటే ఒళ్ళు మండేది. మన వయసు వాళ్ళందరికీ ఈ చిరాకు ఉండే ఉంటుంది. నా మంటకు మాత్రం ఇంకో కారణం కూడా ఉంది. ఆ జాగ్రత్తలు చెప్పే గొంతు ఎంత చక్కటి తెలుగు మాట్లాడుతుందో, మా ఇంటిని ముంచినవాడు కూడా అచ్చం అంత చక్కటి తెలుగే మాట్లాడాడు.

నేను దేవరకొండ చుట్టుపక్కల బడుల్లో తెలుగు చెప్పిన టీచరమ్మను. పిల్లలు గట్ల, గిట్ల అంటే అట్లా, ఇట్లా అని మూడుసార్లు అనిపించేదాన్ని. శంకరుణ్ణి సంకరుడు అన్నవాణ్ణి నిలబెట్టి మళ్ళీ చదివించేదాన్ని. ఇంటికొచ్చాక నేను మాట్లాడేది మా అవ్వ మాట్లాడిన మాటే, అది వేరే సంగతి. బడి మాట వచ్చినవాడు పెద్దమనిషి, రానివాడు మోటువాడు అని నేను నోటితో ఏనాడూ అనలేదు గాని, ఏడాది పొడుగునా నేను చెప్పిన పాఠం అదేనని ఇప్పుడు అర్థమవుతోంది. తరువాత మన రాష్ట్రం వచ్చింది, వేదికల మీద మన యాసకు చప్పట్లు పడ్డాయి, నేనూ కొట్టాను. రిటైరయ్యే ముందు వార్షికోత్సవంలో పిల్లలతో మన మాటల్లోనే నాటిక వేయించి కళ్ళు కూడా తుడుచుకున్నాను. ఇంత చేసినా నా చెవి మాత్రం పాత చెవే.

మా తమ్ముడిది పక్క ఊళ్ళో బత్తాయి తోట. మూడు వందల చెట్లు. మొక్కలు చిన్నగా ఉన్నప్పుడు సైకిలుకు రెండు వైపులా బిందెలు కట్టుకొని నీళ్ళు మోసి పెంచాడు, కాపు పట్టేదాకా ఆరేళ్ళు కూలికి పోయి ఇల్లు గడిపాడు. బత్తాయి ఎంత మొండిదో అంత సుకుమారి, ఎండాకాలంలో ఒక్క నెల నీళ్ళు ఆగాయంటే పదేళ్ళ చెట్టు కూడా ఆకు ముడుచుకొని కూర్చుంటుంది, ఆ తరువాత సముద్రం తెచ్చి పోసినా లేవదు. రాష్ట్రం వచ్చిన కొత్తల్లో ఒక ఎండాకాలం, మా వైపు బోర్లన్నీ ఒకదాని వెనక ఒకటి గాలి కక్కుతున్న రోజుల్లో, తోటలో ఉన్న ఒక్క బోరూ ఎండిపోయింది. కాత అమ్మిన పైసలకు మరదలి గొలుసు అమ్మగా వచ్చినవి కలిపి, కొత్త బోరు వేయిద్దామని తమ్ముడు బ్యాంకులో వేసుకున్నాడు. శుక్రవారం బోరుబండి వస్తుంది. అది వస్తే చెట్లు బతుకుతాయి, రాకపోతే లేదు. ఇదీ అప్పటి లెక్క.

అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకొని పొలమంతా తిరిగి, కాయ లేచి నిలబడ్డ చోట నీళ్ళున్నాయని చెప్పే ఆయనతో పాయింటు పెట్టించాడు. నేను ఊరుకుంటానా, కాయ నిలబడితే నీళ్ళుంటాయట్రా, ఇన్నేళ్ళొచ్చినా నీకు బుద్ధి రాలేదు అని ఎగతాళి చేశాను. వాడు నవ్వి ఊరుకున్నాడు. చదువుకున్న అక్కనని నన్ను ఎదిరించి మాట్లాడటం మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు.

బోరుబండి రావడానికి రెండు రోజుల ముందు, కేసింగ్ పైపులు కొందామని తమ్ముడు దేవరకొండకు మా ఇంటికి వచ్చాడు. జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టాను. రెండో ముద్ద నోట్లో పెట్టుకోకముందే ఫోన్ మోగింది. ఒక నిమిషం విని, ఎంగిలి చెయ్యి అట్లా గాలిలో పెట్టుకొని, "మా అక్క టీచరమ్మ సారూ, ఆమెతోని మాట్లాడుండ్రి, నాకు సమజ్ కాదు" అని ఎడమచేత్తో ఫోన్ నాకు అందించాడు. మా ఇంట్లో అదే పద్ధతి. ఇంగ్లీషు కాగితం వచ్చినా, ఆఫీసు నుంచి ఫోన్ వచ్చినా, అక్కకియ్యి.

అవతలి మనిషి నమస్కారం మేడం అన్న తీరుకే నేను సగం పడిపోయాను. ఏం తెలుగు అది! ఒత్తులు ఒత్తుల్లా, శలు శల్లా. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం అన్నాడు. ఆధార్ జతపరచనందున సాయంత్రంలోపు ఖాతా స్తంభింపజేయబడుతుందని, రైతు సోదరుల శ్రేయస్సు దృష్ట్యా ముందుగా తెలియజేస్తున్నామని అన్నాడు. ఖాతా స్తంభిస్తే శుక్రవారం బోరెట్లా అని కంగారుపడ్డాను. కార్డు మీది నంబరు అడిగితే చెప్పాను. ఆరంకెల మెసేజ్ వచ్చింది, చదవమంటే చదివాను. ఎట్లా చదివానంటే, వెనక బెంచీ వాడికి కూడా వినబడాలన్నట్టు, ఒక్కో అంకె విడగొట్టి, రెండుసార్లు. చాలా స్పష్టంగా చెప్పారు మేడం, ధన్యవాదాలు అన్నాడు వాడు. నాకు సంతోషమైంది. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది, కాని నిజంగానే సంతోషమైంది. ఇంకో రెండు మెసేజ్‌లు వస్తాయి, నేనే మళ్ళీ ఫోన్ చేస్తాను, ఈలోపు ఎవరు చేసినా మాట్లాడకండి, ఈ మధ్య మోసగాళ్ళు బ్యాంకు పేరు చెప్పుకొని తిరుగుతున్నారు అని కూడా హెచ్చరించాడు. జాగ్రత్త చెప్పినందుకు నేను తిరిగి ధన్యవాదాలు చెప్పాను. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు పెద్దలు.

ఫోన్ నా దగ్గరే ఉంచుకుంటాను, నువ్వు పోయి పైపుల సంగతి చూడు అని తమ్ముణ్ణి పంపించాను. వాడు వీధి మలుపు తిరిగాడో లేదో మళ్ళీ ఫోన్. ఈసారి గొంతు వేరు, ఆయాసపడుతున్న గొంతు. "అమ్మా, నేను బ్యాంకుల నుంచి మాట్లాడుతున్న. జర ఫోను పెట్టెయ్యకుండ్రి. ఆయన ఖాతలకెల్లి పైసలు పోతున్నయ్, ఎవ్వలకన్న నంబరు చెప్పిన్రా?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. పెద్దమనిషి చెప్పి పది నిమిషాలు కాలేదు, అప్పుడే మోసగాడు దిగాడు అనుకున్నాను. బ్యాంకులో పనిచేసేవాడు ఇట్లా మాట్లాడతాడా? ముందు మాట్లాడటం నేర్చుకో నాయనా, తరువాత మోసం చేద్దువుగాని అని పెట్టేశాను. మళ్ళీ చేశాడు, పెట్టేశాను. మూడోసారి చేసి, అమ్మా నీ కాల్మొక్త, గా ఫోను ఆయనకియ్యుండ్రి అన్నాడు. పోలీసులకు పట్టిస్తానని తిట్టి పెట్టేశాను. ఆ వెంటనే మన చక్కటి గొంతువాడు మాట ప్రకారం ఫోన్ చేస్తే, మోసగాడు చేశాడండీ, బాగా బుద్ధి చెప్పాను అని గొప్పగా చెప్పి మరీ మిగిలిన రెండు నంబర్లూ చదివాను. దొంగ చేతికి తాళాలివ్వడమంటే ఇంతకన్నా ఏముంటుంది?

జరిగింది ఏమిటంటే, ముందురోజు తమ్ముడు తన ఖాతాలో మరదలి పేరు నామినీగా రాయమని బ్యాంకులో ఒక కాగితం ఇచ్చి వచ్చాడు. ఆ పని చేద్దామని ఖాతా తెరిచిన క్లర్కుకు, బోరు కోసమని వేసుకున్న పైసలు కళ్ళముందే ముక్కలుగా వెళ్ళిపోవడం కనిపించింది. అతడు మొదటిసారి ఫోన్ చేసేటప్పటికి పోయింది మూడో వంతే. నేను ఊ అంటే మిగతాది ఆపేసేవాడు. పైపుల దుకాణం నుంచి తమ్ముడు డబ్బు తీసుకుందామని బ్యాంకుకు పోతే, ఆ క్లర్కు కౌంటరు దాటి బయటికొచ్చి సంగతి చెప్పాడట. అప్పటికి ఖాతాలో ఏమీ మిగల్లేదు.

తమ్ముడు ఇంటికొచ్చి గడపలో కూర్చున్నాడు. మంచినీళ్ళు ఇస్తే తాగాడు. "అక్కా, నువ్వు తిట్టినాయన నిజంగనె బ్యాంకాయన" అన్నాడు. నా మీద అరిచినా బాగుండేది.

ఆ తరువాత ఠాణా చుట్టూ, బ్యాంకు చుట్టూ ఎన్నిసార్లు తిరిగామో చెబితే మీకు విసుగు. ఫలానా నంబరుకు ఫోన్ చేస్తే తెలుగుకు ఒకటి నొక్కండి, ఫిర్యాదుకు నాలుగు నొక్కండి అని ఒక గొంతు నొక్కించి నొక్కించి చివరికి ఊరుకునేది. దరఖాస్తు రాసుకున్న ప్రతివాడూ, చదువుకున్నవాళ్ళు మీరే ఇట్లా చేస్తే ఎట్లా మేడం అన్నవాడే. పైసలు తిరిగి వస్తాయి, కొద్దిగా ఆగండి అన్నారు. ఆగాం. అదే మేము చేసిన రెండో పొరపాటు. ఇక లాభం లేదని నేను దాచుకున్నది విడిపించి తమ్ముడి చేతిలో పెట్టేసరికి నెలన్నర దాటింది. ఆ నెలన్నరా వాడు అప్పుచేసి ట్యాంకర్లతో నీళ్ళు పోయించాడు, చెట్టుకు రెండు బిందెలు, మూడు బిందెలు. మరదలు పాదుల్లో గడ్డి పరిచి, పాత చీరలు తడిపి మొదళ్ళకు చుట్టింది. నేను వెళితే "ఫికర్ చెయ్యకు వదినె" అని నాకే ధైర్యం చెప్పింది. చివరికి బోరుబండి వచ్చింది, కొబ్బరికాయ ఆయన పెట్టిన పాయింటులోనే తవ్వారు, నీళ్ళు ఎగజిమ్మాయి. చూడటానికి ఊరంతా వచ్చింది. చుట్టూ మూడు వందల చెట్లలో ఆకు పచ్చగా ఉన్నవి యాభై కూడా లేవు. అన్ని నీళ్ళు చూసి మా తమ్ముడు ఏడవడం ఆ రోజే చూశాను.

తరువాత ఒకరోజు బ్యాంకుకు వెళ్ళి ఆ క్లర్కును కలిశాను. క్షమించమని అడిగితే అతడే ఇబ్బంది పడ్డాడు. "మీ తప్పేం లేదు టీచర్, నేను ఫోన్ల మాట్లాడితె మావోళ్ళే నమ్మరు" అన్నాడు. ఏ బళ్ళో చదివావని అడిగాను. నేను ఎన్నడూ పనిచేయని ఊరు చెప్పాడు. ఒక్క క్షణం ఊపిరి పీల్చుకున్నాను, మెట్లు దిగుతుంటే ఆ ఊపిరి పీల్చుకున్నందుకు కూడా సిగ్గనిపించింది. ఆ బళ్ళో మాత్రం నాలాంటి టీచరమ్మ లేకుండా ఉంటుందా?

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పటినుంచి నేను వాడకట్టులో అందరికీ పాఠాలు చెప్పడం మొదలుపెట్టాను. మాట మరీ నున్నగా ఉంటే ఫోన్ పెట్టేయండి అనేదే నా సూత్రం. కొన్నాళ్ళు బాగానే పనిచేసింది. లాటరీ తగిలిందన్నవాడు, కరెంటు కట్ చేస్తామన్నవాడు, పోలీసు టోపీ పెట్టుకొని వీడియోలో కనబడి మిమ్మల్ని అరెస్టు చేశాం, గదిలోంచి కదలొద్దన్నవాడు, అందరూ నున్నగానే మాట్లాడారు. మీరు జీవించి ఉన్నట్టు ఈ లింకు నొక్కి నిరూపించుకోనిచో పింఛను ఆపబడును అని ఈమెయిలు వస్తే, నేను బస్సెక్కి ట్రెజరీ ఆఫీసుకు పోయి, ఇదిగో బతికే ఉన్నాను, చూసుకోండి అని ఎదుట నిలబడ్డాను. కిందటేడు ఒకడు ఫోన్ చేసి, టీచరమ్మా మంచిగున్నవా, యాది మరిచినవా అని అచ్చం మన మాట మాట్లాడేసరికి నా సూత్రం కాస్తా గాలికి పోయింది. ఆరంకెలు అడిగేదాకా మురిసిపోతూనే విన్నాను. ఇప్పుడు నా దగ్గర మిగిలింది ఒక్కటే పాఠం. ఎవరు మాట్లాడారు, ఎట్లా మాట్లాడారు అని చూడొద్దు, ఏమడిగారో చూడండి. అడగకూడనిది అడిగితే పెట్టేసి, మీ కాళ్ళతో మీరు నడిచి బ్యాంకుకు పొండి.

మొన్న తోటకు వెళ్ళాను. తోట అని నోరు అలవాటుగా అంటుంది గాని, ఇప్పుడక్కడ ఉన్నది పత్తి. గట్టున కూర్చొని ఇన్నేళ్ళుగా గొంతులో అడ్డం పడ్డ మాట బయటికి తీశాను. చదువుకున్నదాన్నని నమ్మి ఫోన్ నా చేతికిచ్చావు, నా చదువు నీ కొంప ముంచిందిరా అన్నాను. వాడు పత్తి వైపు చూస్తూనే, "సదువుకున్నవని ఇచ్చిననుకున్నవా? మా అక్కవని ఇచ్చిన. సదువు రాకున్నా నీకే ఇస్తుంటి" అన్నాడు.

అంతలో వాడి ఫోన్‌కు ఏదో మెసేజ్ వచ్చింది. కళ్ళకు దూరంగా పట్టుకొని చూసి, ఏందో అంకెలొచ్చినయ్ అక్కా, జర చూడు అని నా వైపు చాపాడు. నేను చేతులు కొంగులో దాచుకొని మొహం తిప్పుకున్నాను. నాకు కూడా చూపించొద్దురా, ఎవరికీ చూపించొద్దు అన్నాను. మన చిన్నతనంలో ఇంటికి ఉత్తరం వస్తే ఒకరు చదివితే పదిమంది వినేవాళ్ళం. సొంత అక్కకైనా దాచమని చెప్పడమే ఇవాళ్టి తెలివి, అది సరైన తెలివేనని నాకూ తెలుసు. వాడు మాత్రం నేనేదో తప్పు పట్టానన్నట్టు చూసి, మెల్లగా ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.