మామ చెప్పిన పేర్లు, నేను రాసిన వయసులు

గత నెల ఒక మంగళవారం పొద్దున మా మేనమామ పోయాడు. విసాపూర్‌లో ఇంటి వెనక నల్లా దగ్గర పళ్లు తోముకుంటూ కూలబడ్డాడట. అత్త ఫోన్ చేసేసరికి నేను చంద్రపూర్‌లో నా కంప్యూటర్ దుకాణం షట్టర్ ఎత్తుతున్నాను. సగం ఎత్తిన షట్టర్ అలాగే దించేసి ఆటో ఎక్కాను.

సాయంత్రం సమాధి దగ్గరికి ఆయన పనిచేసిన ఆఫీసు నుంచి ఇద్దరు వచ్చారు. ఒకాయన నన్ను పక్కకు పిలిచి, మీ మామ ఎంతో నిజాయితీపరుడు, అలాంటి మనిషి మళ్లీ దొరకడు అన్నాడు మరాఠీలో. అంత దొరకని మనిషిని ఎందుకు తీసేశారయ్యా అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఎందుకు తీసేశారో ఆయనకన్నా నాకే బాగా తెలుసు. మామను తలుచుకుంటూ నాలుగు మాటలు రాద్దామని కూర్చున్నాను గానీ, ఆ సంగతి చెప్పకుండా ఎన్ని మంచి మాటలు రాసినా అవి ఉత్త డాంబికమే అవుతాయి.

మా తాత బొగ్గు గని పనికి వచ్చి ఈ వైపు ఉండిపోయాడు. మామ మరాఠీ బడిలో ఏడో తరగతితో ఆగాడు. కూలర్లు, మిక్సీలు బాగుచేసుకుంటూ తిరిగి, చివరికి చంద్రపూర్‌లో ఒక సర్వే ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునే పనికి కుదిరాడు. కాంట్రాక్టు మీదే. వచ్చిన ప్రతి పెద్దసారూ పర్మనెంట్ చేయిస్తానన్నాడు, ప్రతి పెద్దసారూ బదిలీ మీద వెళ్లిపోయాడు. మామ మాత్రం ఇరవై ఏళ్లకు పైగా అదే మాట నమ్ముకుని అదే బస్సు ఎక్కాడు.

ఆ ఆఫీసులో గనుల మ్యాపులు గీసే పెద్ద వర్క్‌స్టేషన్ ఒకటి ఉండేది. మామూలు కంప్యూటర్‌కు ప్రాసెసర్ ఒకటుంటే దానికి రెండు. నల్లటి డబ్బా, ఇద్దరు పట్టుకుంటే గానీ లేవదు. దాన్ని విప్పి మళ్లీ బిగించగలిగింది ఆ ఆఫీసు మొత్తానికీ మామ ఒక్కడే. అది నడిచినన్నాళ్లు తనను ఎవరూ కదిలించలేరని ఆయన ధీమా. మా ఇంట్లో అందరికీ తెలుసు, ఆ డబ్బా ఊపిరే మామ ఉద్యోగం ఊపిరి.

నేను నాగపూర్‌లో డిప్లొమా చేసి వచ్చిన కొత్తలో నన్ను 'ఇంజినీరమ్మా' అని పిలిచి ఏడిపించేవాడు. నా డిప్లొమా నేర్పనివన్నీ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. డబ్బా విప్పే ముందు నేల మీద పాత మరాఠీ పేపర్ పరిచేవాడు. ఎడమ మూల నుంచి తీసిన మరమేకు పేపర్ ఎడమ మూలలోనే, కుడి మూలది కుడి మూలలోనే పెట్టేవాడు. పని సగంలో ఉండగా ఎవరైనా ఫ్యాన్ వేస్తే ఇంక చూడాలి ఆయన తిట్లు, మూడు భాషల్లో వచ్చేవి.

ఆ పాత యంత్రానికి బజారు ర్యామ్ పనికిరాదు. ఏది పనికొస్తుందో ఇంగ్లీషు చదవకుండానే చెప్పేవాడు. ర్యామ్ ముక్క ఒక పక్కనున్న నల్ల చిప్పులు లెక్కపెట్టమనేవాడు. ఎనిమిదుంటే బజారుది, తొమ్మిదుంటే మనది. ఆ తొమ్మిదోదానికి ఏం పని అని అడిగితే, మిగతా ఎనిమిదింటి తప్పులు పట్టేది అదేనని చెప్పాడు. నా పుస్తకంలో రెండు పేజీలున్న పాఠం అది. ఆ ముక్కను గాడిలో పెట్టేటప్పుడు నేను బలం చూపిస్తే ఊరుకునేవాడు కాదు.

"నొక్కుడు గాదు బిడ్డా, ఒప్పియ్యాలె," అనేవాడు.

ఒకసారి పవర్ సప్లై పాడైంది. నా దుకాణంలోంచి కొత్తది పట్టుకెళ్లి, ప్లగ్గు సరిపోయింది కదా అని పెట్టబోయాను. చేతి మీద ఒక్కటేశాడు, అచ్చు చిన్నప్పుడు వేసినట్టే. ఆ కంపెనీవాళ్ల ప్లగ్గు చూడటానికి అందరిలాంటిదే, లోపల తీగల వరుస మాత్రం వేరు. నేను స్విచ్ వేసుంటే మదర్‌బోర్డు మాడిపోయేది. ఎలా తెలుసు మామా అంటే, లేబుల్ మీద అంకెలు ఒక్కొక్కటీ వేలితో చూపించాడు. ఆ అంకెలన్నీ ఆయనకు నోటికి వచ్చు. ఆ రోజు సిగ్గుపడ్డాను గానీ, డిప్లొమా చదివానన్న పొగరు నాకు అప్పుడే దిగిపోయి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

తర్వాత ఒక కొత్త సారు వచ్చాడు. యంత్రం నెమ్మదిగా ఉంది, లోపల ఏమేం ఉన్నాయో, ఏవి మారిస్తే బాగుపడుతుందో జాబితా రాసి ఇవ్వమన్నాడు. మామ సంబరం చూడాలి. ఇన్నేళ్లు అక్కడా ఇక్కడా పాత సామాను ఏరి తెచ్చి నడిపించిన మనిషికి, ఆఫీసే కొత్త సామాను కొనిస్తుందట! జాబితా ఇంగ్లీషులో కావాలి కాబట్టి నన్ను పిలిచాడు. పేపర్ పరిచి, డబ్బా విప్పి, ఒక్కొక్క భాగం మీద చెయ్యి వేసి పేరూ నంబరూ చెప్పాడు. నేను ల్యాప్‌టాప్‌లో రాసుకున్నాను. అడిగినవి మూడే మూడు. ఖాళీగా ఉన్న గాడుల్లో ర్యామ్, పాత హార్డ్ డిస్క్ బదులు ఎస్సెస్డీ, అదే సాకెట్‌లో కూర్చునే పెద్ద ప్రాసెసర్లు రెండు. ఇవి వేస్తే ఇంకో ఐదారేళ్లు ఢోకా లేదన్నాడు. ఆయన చెప్పింది నిజమే, ఆ లెక్క ఇప్పటికీ నాకు తప్పుగా కనబడదు.

మధ్యలో నేను, ఏ భాగం ఏ సంవత్సరం తయారైందో కూడా రాయనా అని అడిగాను. మామ తల అడ్డంగా ఊపాడు.

"పేరు రాయి, వయసు రాయకు. వయసు రాస్తే ఆఫీసోళ్లు పేరు చదువరు."

సరే అన్నాను. ఇంటికి వెళ్లి పట్టిక గీశాక కుడివైపు ఒక వరుస ఖాళీగా మిగిలింది. చదువుకున్న మనిషి రాసిన కాగితంలా ఉండాలనిపించింది నాకు, నా మొహం! ఆ వరుసలో ఒక్కొక్క భాగం తయారైన సంవత్సరం వెతికి రాశాను. అంతటితో ఊరుకున్నానా? కంపెనీ దీన్ని ఆపేసింది, బజారులో దొరకదు, దీని ఆయుష్షు అయిపోయింది అని కూడా పక్కపక్కనే రాశాను. కింద మామ మరాఠీలో సంతకం పెట్టాడు. చదివి చెప్పమని అడగలేదు. మేనకోడలు రాసిన కాగితం కదా.

మూడు నెలలకు ఆఫీసుకు కొత్త యంత్రం వచ్చింది. దాన్ని అమ్మినవాళ్లే మూడేళ్లపాటు వచ్చి చూసుకుంటారట. పాతదాన్ని కండెమ్ చేశారు, అంటే పనికిరాదని రాసి పడేశారు. మామను రేపటి నుంచి రావద్దని గుమాస్తా ఫోన్‌లో చెప్పాడు. నేను కోపంతో ఊగిపోతూ ఆఫీసుకు వెళ్లాను. ఎవరు చెప్పారు అది పనికిరాదని, ఎవడా తెలివైనవాడు అని గట్టిగా అడిగాను. గుమాస్తా పాపం మంచివాడు, ఫైలు తెరిచి నా ముందు పెట్టాడు. పైన నా కాగితమే ఉంది. కుడివైపు వరుసలో ప్రతి గడికీ ఎర్ర పెన్సిల్ టిక్కు. పేర్ల వరుసలో ఒక్క గీతా లేదు. సారు నీ పనిని మెచ్చుకున్నాడు, చాలా నీట్‌గా రాసిందన్నాడు అని గుమాస్తా చెప్పాడు. నేను మెట్లు దిగి వచ్చేశాను.

మామకు చెప్పలేదు. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ రోజులు గడిపాను. ఇప్పుడు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. మా ఇంట్లో అందరూ తెలుగు మాట్లాడేవాళ్లే. చదవడం మాత్రం చర్చిలో అక్షరాలు దిద్దిన నాకొక్కదానికే వచ్చు. మా అత్తకు రాదు, వాళ్ల పిల్లలకు రాదు. మీకు చెప్పి వాళ్లకు చెప్పకపోవడాన్ని ధైర్యం అనుకోకండి, ఇదీ ఒక దాక్కోవడమే.

ఉద్యోగం పోయాక ఆఫీసువాళ్లు మామను ఒక్క పూట కోసం మళ్లీ పిలిచారు. పాత యంత్రాన్ని తుక్కు కొనేవాడికి ఇస్తున్నారు. అల్యూమినియం వేరు, రాగి వేరు చేసి ఇస్తేనే తీసుకుంటానన్నాడట. విప్పడం ఇంకెవరికీ రాదు. సిగ్గు లేకుండా ఎలా పిలిచారని అత్త మండిపడింది. మామ వెళ్లాడు, నేనూ వెంట వెళ్లాను. ఇవాళైనా ఒప్పుకోవాలని దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. వరండాలో కూర్చుని ఒక్క మర కూడా చెడకుండా అంతా విప్పాడు. తుక్కువాడు ర్యామ్ ముక్కలను గోనెసంచిలోకి విసురుతుంటే, "మెల్లగ వెయ్ భాయ్," అన్నాడు. తూకానికి పోయేదాన్ని మెల్లగా వేస్తే ఏంటి, గట్టిగా వేస్తే ఏంటని వాడు నవ్వాడు. టెంపో వెళ్లిపోయింది. మేమిద్దరం ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాం.

మామ చొక్కా జేబులోంచి ఒక కాగితం తీశాడు. నా జాబితానే, జిరాక్సు. మడతల దగ్గర చిరుగు పట్టింది.

"మనం ఏం తప్పు రాసినమో సమజ్ అయితలేదు బిడ్డా. ఒక్కసారి చదివి ఇనిపియ్యవా?"

చదివాను. మదర్‌బోర్డు, దాని నంబరు. ప్రాసెసర్లు రెండు, వాటి నంబర్లు. ర్యామ్, ఒక్కొక్క ముక్కా. మామ కళ్లు మూసుకుని విన్నాడు, ప్రతి పేరుకూ తల ఊపాడు. చివర అడిగిన మూడూ చదివి ఆపాను.

"అంతేనా?" అన్నాడు.

"అంతే మామా."

"బరాబరే ఉన్నది గద. మరెందుకు తీసేసిండ్రు?"

తెలవదన్నాను. కుడివైపు వరుస మీద నా బొటనవేలు ఉంది. కాగితం మడిచి ఆయన చేతికిచ్చేదాకా దాన్ని తియ్యలేదు.