మంచు మీద కొట్టిన కొబ్బరికాయ

నేను రిటైరవడానికి నాలుగేళ్ల ముందు, ఒక నవంబరులో, అంటార్కిటికాలోని మన పరిశోధన కేంద్రానికి వాహనాల మెకానిక్‌గా డిప్యుటేషన్ మీద వెళ్లాను. అంటే జీతం నా సొంత డిపార్ట్‌మెంటుది, హుకుం అక్కడి స్టేషన్ లీడరుది. చోడవరంలో చెరకు ట్రాక్టర్లు విప్పి బిగించి పని నేర్చుకున్నవాణ్ణి. మంచులో నువ్వేం చేస్తావని నవ్వినవాళ్లున్నారు. ఇంజను ఎక్కడైనా ఇంజనే.

డిసెంబరులో ఓడ మీంచి కొత్త మంచుబండి దిగింది. దానికి చక్రాల బదులు వెడల్పాటి గొలుసులుంటాయి. మా వైపు కాయ కొట్టకుండా కొత్త బండిని ఎవరూ కదిలించరు. వంటగదిలోంచి కొబ్బరికాయ తెచ్చి బండి ముందు కొక్కేనికేసి కొట్టేశాను. నీళ్లు మంచు మీద పడ్డాయి, పెంకులు చెదిరాయి. అప్పుడు గుర్తొచ్చింది శిక్షణలో చెప్పిన మాట. బయటి పదార్థం ఏదీ ఆ మంచు మీద పడకూడదు, పడితే రిజిస్టరులో రాయాలి. ఆ పొరల్లో వేల ఏళ్లనాటి గాలి బుడగలై ఉంటుంది. శాస్త్రవేత్తలు చదివేది దాన్నే. పైగా ఆ నేల ఎవరి సొంతమూ కాదు గానీ, కన్ను మాత్రం అందరిదీ దాని మీదే. అందుకే అంటార్కిటికా ఒప్పందంలో ఉన్న దేశాలు ఒకరి కేంద్రాన్ని ఒకరు తనిఖీ చేస్తాయి.

నా ఖర్మకొద్దీ, రెండు రోజుల్లో విదేశీ తనిఖీ బృందం వస్తోందని కబురొచ్చింది. లీడరు నన్ను పిలిచి, ముక్కలు ఏరెయ్యమని, రిజిస్టరులో మాత్రం రాయొద్దని అన్నారు. దేశం పరువు పోతుందట. రాస్తే శీతాకాల బృందంలో నా పేరుండదని కూడా చెప్పారు. అక్కడ డిసెంబరు వేసవి, మార్చి దాటాక వచ్చే చలికాలమంతా అక్కడే ఉండాలన్నది నా పెద్ద ఆశ. ఒళ్లు మండింది.

వంట చేసే అప్పలనాయుడిది కె.కోటపాడు, నా ఈడువాడే. వాడూ అదే పాట పాడాడు.

"నువ్వు సెప్పకపోతే ఎవుడికి తెలుస్తాదిరా? రేపటికి మంచే కప్పెట్టేస్తాది."

"అందరి ముందూ కొట్టేనురా కాయి. ఇప్పుడు దొంగలాగ దాస్తానేటి?" అన్నాను.

ముక్కలన్నీ ఏరి, తడిసిన మంచును పారతో డ్రమ్ములోకెత్తి, జరిగిందంతా రాసి సంతకం పెట్టాను. లీడరు మండిపడ్డారు. కావాలంటే పేజీ చింపుకోండి, తనిఖీవాళ్లు ఆ పేజీ నంబరు ఏదని అడుగుతారు అన్నాను. ఆయన చింపలేదు.

తనిఖీకి వచ్చినావిడ రిజిస్టరు తిప్పుతూ ఆ పేజీ దగ్గర ఆగి, ఇది రాసిందెవరని అడిగింది. లేచి నిలబడ్డాను. డ్రమ్ము చూపించాను, మా ఆచారం చెప్పాను. ఆవిడ నోట్ చేసుకుని, కొబ్బరికాయను కూడా రాసుకునే చోట డీజిలు ఒలికితే దాచరులే అంది.

శీతాకాల బృందం జాబితాలో నా పేరు రాలేదు. లీడరు మాట నిలబెట్టుకున్నారు.

అక్కడ పోలీసు లేడు, కోర్టు లేదు. తన తప్పు తానే రాసుకున్నవాడి మాటే చెల్లుతుంది. కాయ కొట్టడం నా తప్పు. రాయడం కాదు. అలాంటి జాబితాలు పది పోయినా మళ్లీ అదే రాస్తాను.