పుంగనూరు ఆవు, దొంగ నెమరు

మదనపల్లె నుంచి కుప్పం దాకా ఏ ఆవు నెమరు వేయడం మానేసినా ఒకప్పుడు నాకే కబురొచ్చేది. నేను పోయి దాని డొక్క మీద ఒక దరువు వేసి, ఏం తిన్నదో చెప్పేవాణ్ణి. పశువుల డాక్టరు కూడా నన్ను చూస్తే పక్కకు తప్పుకునేవాడు.

సరే, ఇందులో కొంత తీసివేయాలి. కబురొచ్చిన ఆవు ఒక్కటే, అదీ మా ఇంటిదే. కబురు తెచ్చింది నా భార్య. డాక్టరు తప్పుకున్నది నా సైకిలుకు బ్రేకులు లేనందువల్ల.

పంతొమ్మిది వందల నలభైల నాటి మాట. పెద్దపంజాణి దగ్గరి పల్లె నుంచి మదనపల్లె శివారులోని మా ఇంటికి కాపురానికి వస్తూ ఆమె ఒక పుంగనూరు ఆవును తోలుకొచ్చింది. ఎత్తు నా నడుము దాకా ఉంటుందేమో, కోపం మాత్రం ఒంగోలు ఎద్దంత. ఎండు రాగిగడ్డి తిని, పూటకింత పాలిచ్చి, మధ్యాహ్నమంతా కళ్లు మూసుకుని నెమరేసుకునేది. కుడితి పెట్టేటప్పుడు ఆమె దానితో మాట్లాడే మాటల్లో సగం కూడా నాతో మాట్లాడేది కాదు.

ఆ యేడు పుంగనూరు సంతలో ఒక కుప్పం ఆసామి, గానుగలో నూనె తీయగా మిగిలిన చెనక్కాయ పిండి ఎండుగడ్డి మీద పిడికెడు చల్లితే పాలు పెరుగుతాయన్నాడు. పిడికెడని గట్టిగానే చెప్పాడు. కానీ నాకు లెక్కలు బాగా వచ్చు. పిడికెడుకు చెంబు పెరిగితే, గంపెడుకు బిందె కాదా? ఆమె బట్టలుతకడానికి వంకకు పోయిన సమయం చూసి, గంపెడు పిండి నానబెట్టి, బెల్లం కూడా కలిపి ఆవు ముందు పెట్టాను. అది గంప అడుగు దాకా నాకింది.

సాయంత్రానికి ఎడమ డొక్క ఉబ్బి తప్పెటలా మోగింది. నెమరు ఆగిపోయింది. ఆవు పొట్ట కూడా పులిసే కుండే. గడ్డికి అలవాటుపడిన కుండలో ఒక్కసారిగా పిండీ బెల్లమూ పోస్తే పొంగక ఏం చేస్తుంది? ఆ సంగతి నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

వంక నుంచి తిరిగొచ్చిన నా భార్య ఏం పెట్టావని అడిగింది. పిడికెడు పిండి అన్నాను. ఆమె గంప వైపు చూసింది.

"ఇది బతికితే దీన్ని తోలుకొని మా ఊరికి పోతా. బతక్కపోతే ఒక్కదాన్నే పోతా."

గొంతు పెంచకుండా అంది. అరిచి ఉంటే నాకంత భయం వేసేది కాదు.

అల్లం, వాము నూరి నువ్వుల నూనెలో కలిపి తాగించింది. ఉబ్బు కొంచెం దిగింది గానీ నెమరు రాలేదు. మర్నాడు ఇక మిగిలింది మా వైపు వాడుక ఒక్కటే. బాగున్న ఆవు నెమరేస్తుండగా దాని నోట్లోని ముద్ద తీసి, గోరువెచ్చని నీళ్లలో కలిపి, జబ్బు ఆవు గొంతులో పోయాలి. అయితే అడిగి తీసుకోకూడదు. అడిగితే ఆ ఆవుకు పాలు తగ్గుతాయట. దొంగతనంగానే తేవాలి. ఆ ఆవుగల ఆసామి చూసినా చూడనట్టు మొహం తిప్పుకోవాలి.

ఇద్దరం పక్కింటి అవ్వ దొడ్లోకి పోయాం. నేను పులిలా దూకి, అవ్వ ఆవు కొమ్ములు వంచి, దవడలు విడదీసి ముద్ద లాక్కొచ్చానని మనవళ్లందరికీ చెప్పాను. అంత లేదు. నేను చెయ్యి పెట్టబోయినప్పుడల్లా అది మింగేసేది. ప్రసాదానికి నిలబడ్డట్టు దాని నోటి ముందు చెయ్యి చాపుకొని నిలబడ్డాను. గోడ వైపు తిరిగి కూర్చున్న అవ్వకు విసుగొచ్చింది.

"ఎంతసేపప్పా దొంగతనం? నాకు మెడ పట్టేసుండాది."

చివరికి ముద్ద దక్కింది. తెచ్చి పోశాం. పొద్దు వాలేలోపల ఆవు గొంతులో ఏదో పైకి పాకింది, దవడ అటూ ఇటూ కదిలింది. ఆమె దాని మెడ పట్టుకొని ఏడ్చి, లోపలికి పోయి, సర్దిన బట్టల మూట విప్పింది. ఆవునూ కాపురాన్నీ నిలబెట్టింది నా సాహసమేనని ముగిద్దామనుకుని, ఇంతవరకు రాసింది ఆమెకు చదివి వినిపించాను. ఆమె చెనక్కాయలు ఒలుస్తూ వినింది.

"ముద్ద తీసింది నేను. నువ్వు ఆ వాసనకు గోడకాడ కక్కుకుంటా ఉండినావు. ఇంగ మూట ఇప్పింది నీకోసరం కాదు. ఆవు మా ఊరిదాకా నడవలేకుండా ఉండింది."