విల్లు ఆరడానికి ఏడాది

మా ఆయనకు జబ్బుందని మాకు ముందుగా తెలిసింది ఒక ఉంగరం వల్ల. కొమ్ముతో చేసిన వెడల్పాటి ఉంగరం, బొటనవేలికి తొడిగేది. మంగోలు విలుకాళ్ళు వింటితాడును బొటనవేలితో లాగేవాళ్ళట. తాడు వేలిని కోసెయ్యకుండా ఈ ఉంగరం. ఇంగ్లండులో మేముండే షెఫీల్డ్ ఊరి బయట ఒక ఫామ్‌లో గుర్రం మీంచి బాణాలు వెయ్యడం నేర్పే ముసలాయన ఉన్నారు. ఐటీ ఉద్యోగం చేసుకుంటూ నలభై ఎనిమిదో ఏట మా ఆయన ఆదివారాలు అక్కడికి వెళ్ళడం మొదలుపెట్టారు. ఈ వయసులో ఇదేం పిచ్చండీ అని నేను మొత్తుకుంటూనే ఉన్నాను. వింటేగా!

ఇంట్లో అన్నానికి కూర్చుంటే అదే గోల. పోపులడబ్బా తెచ్చి టేబుల్ మీద యుద్ధం పరిచేవారు. ఆవాలు మంగోలులు, మినప్పప్పు అవతలి సైన్యం. ఒక్కొక్కడికీ నాలుగేసి గుర్రాలుండేవట, ఒకటి అలిసిపోతే ఇంకోటి ఎక్కేవాడట. గుర్రం నాలుగు కాళ్ళూ గాల్లో ఉన్న రెప్పపాటులో బాణం వదిలితే చెయ్యి అదరదట. ఆయనకు అన్నిటికన్నా ఇష్టమైనది దొంగ పారిపోవడం. ఆవాలు ఓడిపోయినట్టు టేబుల్ చివరిదాకా పరిగెత్తేవి. మినప్పప్పు గెలిచాననుకుని వరస తప్పి వెంటపడేది. అప్పుడు ఆవాలన్నీ ఒక్కసారి వెనక్కి తిరిగేవి. "పారిపోతున్నాడని మురిసిపోయి వెంటపడ్డవాడి పని అయిపోయినట్టే" అనేవారు. తర్వాత ఆవాలూ పప్పూ విడదీస్తూ కూర్చునేదాన్ని నేను, ఆయన్ని తిట్టుకుంటూ.

కొనుక్కున్న విల్లుతో సరిపెట్టుకుంటే బాగుండేది. తనే చెయ్యాలని పట్టుబట్టారు. లోపల కర్ర, ఒకవైపు గేదె కొమ్ము, ఇంకోవైపు ఎండబెట్టి పీచులా చీల్చిన జంతువుల నరాలు, వీటన్నిటికీ చర్మం ఉడకబెట్టి తీసిన జిగురు. ఉల్లిపాయ కూడా వండని రోజులున్న ఇంట్లో ఆ కంపు! అది అతికించాక ఏడాది పాటు పొడిగా, వెచ్చగా ఉంచి ఆరబెట్టాలి. ఆ తర్వాతే తాడు బిగించాలి. అక్టోబరులో అతికించి, ఇల్లు వెచ్చబెట్టే బాయిలర్ పక్క అలమరాలో పెట్టారు.

ఆ చలికాలంలోనే ఫామ్‌లో ఆయన బొటనవేలి నుంచి తాడు జారిపోవడం మొదలైంది. ఉంగరం వదులైందనుకున్నారు. దారం చుట్టారు, ఇంకోటి చేయించుకున్నారు. చివరికి ముసలాయన ఆయన చెయ్యి పట్టుకు చూసి, బొటనవేలి కింద కండ పల్లం పడింది, రేపే జీపీ దగ్గరికి, అంటే మా పేటలోని డాక్టరు దగ్గరికి, వెళ్ళమన్నారట. జీపీ హాస్పిటల్‌కి పంపారు. ఏప్రిల్‌లో అక్కడి పెద్ద డాక్టరు, కన్సల్టెంట్, మా ఇద్దరినీ కూర్చోబెట్టి కండల్ని ఆడించే నరాలు చచ్చిపోయే మోటార్ న్యూరాన్ జబ్బని చెప్పారు. ఏడాది గడవడం కూడా కష్టమని చెప్పారు.

కార్లో వస్తూ ఆయన అడిగింది ఒకటే. అక్టోబరుకి విల్లు ఆరుతుంది, అప్పటిదాకా ఈ చేతులుంటాయా అని. తను చేసిన విల్లుతో ఒక్క బాణం, అంతే. గుర్రం కూడా అక్కర్లేదు, నేల మీద నించునైనా సరేనన్నారు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూనే, ఉంటాయన్నాను.

జూన్, జూలైల్లో జబ్బు ఆగింది. చొక్కా గుండీలు తనే పెట్టుకుంటున్నారు, ఆ బొటనవేలితో కప్పు ఎత్తుతున్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. హైదరాబాద్‌కి టికెట్లు కూడా చూశాను. ఆయన మాత్రం నా వంక అదోలా చూశారు. ఆ చూపు నాకు తెలుసు. మినప్పప్పు వరస తప్పినప్పుడు అలాగే చూసేవారు. తెలిసి కూడా నేను చూడనట్టే ఉన్నాను.

ఈ తగ్గడం నిలబడాలని శ్రావణంలో సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నాను. పంతులుగారు లండన్ పక్క హారో నుంచి వస్తున్నారు. చచ్చిన జంతువు నరాలు, కొమ్ములు ఇంట్లో పెట్టుకుని వ్రతమేమిటని నాకు మనసొప్పలేదు. ఆయన పడుకుని ఉన్నారు. అడిగితే వద్దంటారని అడగలేదు. విల్లుని పాత ఉన్ని శాలువాలో చుట్టి తోటలోని షెడ్డులో పెట్టాను. వ్రతం అవ్వగానే తెచ్చి పెట్టేద్దామనుకున్నాను. వ్రతం బ్రహ్మాండంగా జరిగింది. ఆయన తన చేత్తో తనే ప్రసాదం తిన్నారు. ఆ సంబరంలో విల్లు సంగతి పూర్తిగా మర్చిపోయాను.

పదకొండు రోజులు ఎడతెగని వాన. షెడ్డు కప్పు కారుతుందని నాకు తెలుసు, అందులోని పాత సామాను కౌన్సిల్ వాళ్ళ చెత్త డిపోలో పడేసి వచ్చిన రోజే చూశాను. పన్నెండో రోజు ఆయన అలమరా తలుపు తీశారు.

"విల్లేదీ?" అన్నారు.

షెడ్డుకి పరిగెత్తాను. శాలువా నీళ్ళు పీల్చి బరువెక్కింది. విప్పితే జిగురంతా కరిగి చేతులకంటుకుంది. నరాల పొర ఒకవైపు నుంచి తడిసిన గోడకాగితంలా ఊడి వేలాడుతోంది. అలాగే తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టాను.

"నేనేనండీ. వ్రతానికని షెడ్డులో పెట్టాను. మీకు తగ్గాలనే పెట్టాను."

తిడతారనుకున్నాను. తిడితే ఎంత బాగుండేది! ఆయన ఎడం చేత్తో ఆ పొరను మెల్లిగా వెనక్కి నొక్కారు. కుడి చెయ్యి ఒళ్ళోనే ఉండిపోయింది. ఆ చెయ్యి ఆ ఉదయం నుంచీ లేవడం లేదని నాకు అప్పుడు తెలిసింది.

"ఏం కాలేదులే. మళ్ళీ అతికిస్తే సరి. వచ్చే ఏడాది ఈపాటికి ఆరిపోతుంది" అన్నారు.

వచ్చే ఏడాది! కన్సల్టెంట్ చెప్పిన గదిలో ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. ఆ మాట నాకోసమే అన్నారని తెలుసు. తెలిసి కూడా అలాగేనండీ అన్నాను. నాకు నోరెలా వచ్చిందో ఇప్పటికీ అర్థం కాదు. నా చేతులు నరికేసుకోవాలనిపించింది. ముసలాయన వచ్చి విల్లుని తీసుకెళ్ళారు, తనే మళ్ళీ అతికిస్తానని.

అక్టోబరుకి ఆయన చెంచా పట్టుకోలేకపోయారు. క్రిస్మస్‌కి మాట పోయింది. ఫిబ్రవరిలో ఆయనే పోయారు. దేవుడి గదిలోకి నేను మళ్ళీ అడుగుపెట్టలేదు.

మళ్ళీ శ్రావణం వచ్చి వెళ్ళింది. పోయిన వారం ముసలాయన ఫోన్ చేశారు. విల్లు బాగా ఆరిందట, తాడు కూడా బిగించి చూశారట, ఇంత మంచి విల్లు తను చూడలేదట. ఎప్పుడొచ్చి తీసుకెళ్తావమ్మా అని వాళ్ళ భాషలో మర్యాదగా అడిగారు. ఈ ఆదివారం వస్తానన్నాను. ఆదివారం వచ్చింది. కారు తాళాలు పట్టుకుని మధ్యాహ్నందాకా హాల్లోనే కూర్చున్నాను. తెచ్చి ఎవరి చేతికివ్వను?